ముక్కు ఎత్తు అద్దం

ఇది యుద్ధ కథ. ఒకవైపు తాపీ నది మీద నుంచి కోసుకొచ్చే పుష్యమాసపు గాలి, ఇంకోవైపు ఒక తండ్రి, ఒక కొడుకు, ఒక గుర్రం. ముప్ఫై కిలోమీటర్లకు పైగా రణరంగం. ప్రతి ఉదయం సూర్యుడు లేవకముందే శంఖారావం.

అంత లేదు. గుర్రం అంటే సెకండ్ హ్యాండ్ బైకు. శంఖారావం దాని హారన్, అది వాన పడితే మోగదు. యుద్ధం సంగతికొస్తే, బైకు ముందు ఏ ప్లాస్టిక్ ముక్క బిగించాలన్నదే మొత్తం సమస్య. దానికి సరైన జవాబు మా అమ్మ చెప్పింది, దుకాణంవాడు చెప్పాడు. నేను తప్పు ముక్క కొన్నాను. తెలియక కొని ఉంటే ఇది రాయాల్సిన పని ఉండేది కాదు.

మేము మగ్గాల మనుషులం. అంటే మా బాపు మగ్గాల మనిషి. కరీంనగర్ పక్క నుంచి సూరత్ వచ్చి ముప్ఫై ఏళ్లుగా పవర్‌లూమ్‌లు నడుపుతున్నాడు. నేను సలాబత్‌పురాలో ఒక చీరల దుకాణంలో చీరలకు ఫోన్‌తో ఫొటోలు తీసి వాట్సాప్‌లో బేరగాళ్లకు పంపేవాణ్ని. దీన్ని మా ఇంట్లో "ఆన్‌లైన్ల చేస్తడు" అని చెప్పుకునేవాళ్లు. విన్నవాళ్లు నన్ను ఇంజినీరు అనుకునేవాళ్లు. నేను దిద్దేవాణ్ని కాదు. నా గుణం అక్కడే తెలిసిపోవాలి.

కరోనా వచ్చిన ఏడాది ఎండాకాలమంతా ఊళ్లో కూర్చుని, దసరాకు ముందు తిరిగొచ్చేసరికి బాపు పనిచేసే కార్ఖానాకు తాళం పడి ఉంది. వేరేచోట పని దొరికింది కానీ అది కిమ్‌లో. మా గది ఆల్థాన్‌లో. రెంటికీ మధ్య సూరత్ మొత్తం ఉంది, తాపీ ఉంది, హైవే ఉంది, హైవే పక్కన చెరుకు తోటలున్నాయి. పొద్దున పోయే లోకల్ రైలు అప్పటికి ఇంకా మొదలు కాలేదు. సాయంత్రం కార్ఖానా నుంచి గుడ్డ తెచ్చే టెంపోలో వెనక కూర్చుని వచ్చేసేవాడు. పొద్దున మాత్రం నేను దింపాలి. ఏడింటికల్లా గేటు.

ఆ గేటే అసలు సమస్య. అక్కడ ఒక వాచ్‌మన్ చేతిలో జ్వరం చూసే తుపాకీ పట్టుకుని నిలబడేవాడు. జీవితంలో మొదటిసారి దొరికిన అధికారం. హైవే మీద గాలికి గడ్డకట్టి వచ్చిన నుదుటి మీద తుపాకీ పెడితే అది ఏ అంకె చూపించాలో తెలియక ఉత్తగా మెరిసేది. అతను దాన్ని చూసి, "మర్ గయా క్యా?" అని లోపలికి పంపేవాడు. చచ్చినవాళ్ల మీద అభ్యంతరం లేదు. దగ్గినవాళ్ల మీదే ఉంది. బాపు పక్కన మగ్గాలు నడిపే ఒకాయన గేటు దగ్గర రెండుసార్లు దగ్గాడు. పద్నాలుగు రోజులు ఇంటికి పంపారు. పరీక్షలో ఏమీ లేదని తేలింది. పదిహేనో రోజు వచ్చి చూస్తే అతని ఎనిమిది మగ్గాలు ఇంకొకరు నడుపుతున్నారు. మగ్గాలకు కరోనా లేదు, వాటికి ఆగాల్సిన పని లేదు.

బాపుకు చల్లగాలి తాకితే దగ్గు. మగ్గాల దుమ్ము ఇచ్చిన దగ్గు, కరోనా కంటే చాలా సీనియర్. కానీ వాచ్‌మన్‌కు సీనియారిటీ చూపించడానికి ఏ ఆఫీసూ కాగితం ఇవ్వదు. చలి మొదలైన వారానికి అమ్మ నన్ను పట్టుకుంది.

"బండికి ముందట పెద్దద్దం పెట్టియ్యిరా. పాలోళ్ల బండ్లకు ఉంటది సూడు, గసుంటిది. మీ బాపుకు గాలి తాకద్దు."

"గది పెడితే నన్ను గుడ పాలోడే అంటరమ్మా."

"అంటే ఏందిరా? పాలోడు పొద్దుగాల లేచి పని చేస్తడు. నీ లెక్క చీరలకు ఫొటోలు దించుకుంట కూసుంటడా?"

ఆదివారం నేను, బాపు ఉధ్నా దర్వాజా దగ్గర బైకు సామాన్ల దుకాణానికి వెళ్లాం.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మగ్గాల షెడ్డులో మాట వినపడదు. వంద మగ్గాలు ఒకేసారి కొట్టుకుంటుంటే పక్కవాడి చెవిలో అరిచినా గాలి తగులుతుంది తప్ప మాట చేరదు. అందుకని అక్కడ అందరూ చేతులతో మాట్లాడతారు, పెదాలు చూసి అర్థం చేసుకుంటారు. రెండు వేళ్ల కొసలు కలిపి టక్కున విడదీస్తే పోగు తెగిందని, ఏదో తేడా వచ్చిందని. పిడికిలి గుండ్రంగా తిప్పితే అంతా నడుస్తోందని. అరచేతిని పొట్ట ముందు బొజ్జలా గుండ్రంగా పెడితే సేటు వస్తున్నాడని. బాపుకు ఆ షెడ్డు చెవులే ఇంటికీ వచ్చాయి. అందుకని మా ఇంట్లో కూడా ముఖ్యమైన మాటలన్నీ చేతులతోనే. నేను నడక నేర్చేనాటికే పోగు తెగిందని చెప్పగలిగేవాణ్నట.

కరోనాలో అందరి నోళ్లకూ మాస్కులు వచ్చాయి. బాపుకు చదవడానికి పెదాలు లేకుండా పోయాయి. బయట ఎవరేం అడిగినా రెండుసార్లు తలూపేవాడు. రెండుసార్లు ఊపాడంటే వినపడలేదని అర్థం. నిజంగా ఒప్పుకుంటే ఒక్కసారి కూడా ఊపడు, తిరిగి ఏదో ఒక ప్రశ్న వేస్తాడు. ఈ లెక్క మా ఇంట్లో ముగ్గురికీ తెలుసు. ముగ్గురిలో నేనూ ఉన్నాను.

దుకాణం నిండా జనం. పతంగుల రోజులు దగ్గరపడ్డాయి కనుక, మాంజా దారం మెడకు తగలకుండా అందరూ హ్యాండిల్‌కు ఇనుప కమ్మీలు కట్టించుకుంటున్నారు. దుకాణం ఆయన గుజరాతీ, నాకంటే పదేళ్లు పెద్దవాడు, మాస్కు గడ్డం కింద ఉయ్యాలలా వేలాడుతోంది. మా బైకు చూసి మూడు అద్దాలు తెచ్చి కౌంటర్ మీద పెట్టాడు. ఒకటి నిలువుగా, వెడల్పుగా, నీళ్లలా తెల్లగా ఉంది. అది పాలోళ్ల అద్దం. రెండోది మధ్యరకం. మూడోది జానెడు, నల్లగా, కొసదేరి ఉంది. దాన్ని బిగిస్తే బైకుకు కందిరీగ ముఖం వస్తుంది.

నా చెయ్యి నేరుగా మూడోదాని మీదికి పోయింది.

ఆయన మంచివాడు. అమ్ముకోవడమే ముఖ్యమైతే చెప్పేవాడు కాదు. నన్ను బైకు మీద కూర్చోమన్నాడు, బాపును వెనక కూర్చోమన్నాడు. పెద్దద్దం తెచ్చి హ్యాండిల్ ముందు పట్టుకున్నాడు. తన అరచేతిని అడ్డంగా నా ముక్కు దగ్గర ఆనించి, "ఉపర్ కా కినారా నాక్ తక్" అన్నాడు. పై అంచు ముక్కు ఎత్తుకు రావాలి. కళ్లు అంచు మీదుగా చూడాలి, గాలి తల మీదుగా పోవాలి. అరచేతినే గాలి చేసి చూపించాడు. అద్దానికి తగిలి, పైకి లేచి, నా హెల్మెట్ దాటి, వెనకున్న బాపు హెల్మెట్ కూడా దాటి, ఎటో దుకాణం కప్పు వైపు వెళ్లిపోయింది.

తర్వాత కందిరీగను పట్టుకున్నాడు. అరచేతి గాలి మళ్లీ వచ్చింది. నా ఛాతీ ముందు పైకి లేచింది, నా భుజం మీదుగా వెళ్లింది. వెనక సీటు ఎత్తు కదా, తిన్నగా బాపు గొంతు దగ్గరికి పోయి ఆగింది.

"ఆప్ బచ్ గయే. కాకా గయే," అన్నాడు.

అంటే నేను బతికాను, పెద్దాయన పోయాడు. ఇంత స్పష్టంగా నాకు పదో తరగతిలో లెక్కల సారు కూడా ఏదీ చెప్పలేదు.

నేను బైకు దిగాను. అద్దాల వైపు చూశాను. చీరల దుకాణంలో నా పక్కన పనిచేసే దోస్తు గుర్తొచ్చాడు. పాలోళ్ల అద్దంతో వెళితే వాడు నన్ను ఆధా లీటర్ పాలు అడగకుండా ఒక్కరోజు కూడా వదలడు. జనం ఆక్సిజన్ గురించి మాట్లాడుకుంటున్న రోజుల్లో నా భయం ఇది.

బాపు వైపు తిరిగాను. నా మాస్కు ముక్కు మీద దాకా లాగి ఉంది, ఆరోజు నేను ప్రభుత్వం చెప్పినట్టే వేసుకున్నాను.

"బాపు, గీ చిన్నది మంచిగున్నది. గిదే పెట్టిద్దామా?"

గొంతు పెంచలేదు. మాస్కు దించలేదు. నా చేతులు రెండూ ఖాళీగా ఉన్నాయి.

బాపు నా కళ్ల వైపు చూశాడు. రెండుసార్లు తలూపాడు.

"కాకా హా బోలే?" అని దుకాణం ఆయన అడిగాడు. పెద్దాయన సరేనన్నాడా అని.

"హా, బోల్ దియా," అన్నాను.

ఇంటికి వచ్చాక అమ్మ ఆ నల్ల ముక్కను చూసి, "గిదేందిరా, సగమే ఇచ్చిండా?" అంది. గాలి చీల్చే డిజైన్ అని చెప్పాను. బాపునే అడిగి కొన్నానని కూడా చెప్పాను. అది అబద్ధం కాదు. అబద్ధమైతే కాస్త నయంగా ఉండేది.

మర్నాటి నుంచి నా ఛాతీకి గాలి తగల్లేదు. ఆయన చెప్పినట్టే నేను బతికాను. కందిరీగ ముఖానికి సలాబత్‌పురాలో మంచి పేరు వచ్చింది. దోస్తు దాని ముందు నిలబడి నాలుగు ఫొటోలు దిగాడు. బాపు వెనక కూర్చుని నా వీపుకు ఇంకాస్త దగ్గరగా జరిగేవాడు. ఆయన స్వెటర్ లోపల నుంచి ఏదో గట్టిగా నా వీపుకు తగిలేది. నాన్న గుండె నిబ్బరం అనుకునేంత కవిని కాను. ఏమిటని అడగలేదు, అంతే.

వారం తర్వాత ఒకరోజు గేటుకు చాలా ఇవతల, చెరుకు లారీలు ఆగే చోట నా భుజం తట్టి ఆపమన్నాడు.

"గీడ్నే దిగుత. జర నడుస్తె కాళ్లు సాగుతయి. నువ్వు పో బిడ్డా, ఎనుకకు తిప్పుకో."

రోజూ అక్కడే దిగడం మొదలుపెట్టాడు. నాకు సంతోషం వేసింది. గేటు దాకా వెళ్లి, వాచ్‌మన్ ఈలలు విని, లారీల మధ్య మలుపు తీసుకునే పని తప్పింది. నడక మంచిదని ఎక్కడో చదివాను కూడా.

ఒకరోజు దింపి రెండు కిలోమీటర్లు వెనక్కి వచ్చాక చూస్తే టిఫిన్ డబ్బా బైకు కొక్కేనికి అలాగే వేలాడుతోంది. మళ్లీ తిప్పాను.

లారీలు ఆగే చోట రోడ్డుకు ఇవతల బండి ఆపాను. అవతల ఒక చెరుకు లారీ వెనక బాపు ఉన్నాడు. మాస్కు చేతిలో ఉంది. ఒక చెయ్యి లారీ చక్రానికి ఆనించి, నడుము వంగిపోయేలా దగ్గుతున్నాడు. మధ్యలో వెళ్లే లారీల మోతలో నాకు ఆ దగ్గు వినపడలేదు. షెడ్డులో ఉన్నట్టే, చూపే తప్ప శబ్దం లేదు. చాలాసేపు దగ్గాడు. ఆగి, సీసా నీళ్లతో మొహం కడుక్కుని, ఇంకాస్త ఉందేమోనని చూసుకున్నట్టు నిలబడి, మిగిలింది కూడా దగ్గేశాడు. గేటు దగ్గరకు తీసుకెళ్లకూడని సరుకంతా అక్కడే దించేసుకుంటున్నాడన్నమాట. నడకా లేదు, కాళ్లు సాగడమూ లేదు.

తర్వాత స్వెటర్ పైకెత్తి లోపల నుంచి ఒక అట్ట తీశాడు.

కార్ఖానాకు దారం వచ్చే డబ్బా అట్ట అది. ఛాతీ కొలతకు కత్తిరించి, పై కొసలకు రెండు కన్నాలు పెట్టి, దారంతో మెడకు కట్టుకున్నాడు. దాని మీద రెండు బాణాలు గడ్డం వైపు చూపిస్తున్నాయి. ఈ వైపు పైకి ఉంచాలని ఇంగ్లీషులో రాసి ఉంటుంది కదా, అది. పక్కన వానకు తడవనివ్వద్దని గొడుగు బొమ్మ. గాలి సంగతి ఏమీ రాయలేదు.

నేను దేనికైనా ఒక జోకు వేయగలను. ఊళ్లో చావు ఇంట్లో వేసి తన్నులు తిన్నవాణ్ని. ఇంతకుముందు రాసిన రెండు వాక్యాలు ఇప్పుడు రాస్తూ వేసినవి. అప్పుడు మాత్రం ఏమీ రాలేదు. రెండు వారాలుగా నా వీపుకు తగిలింది ఈ అట్ట. నేను కొనాల్సిన అద్దాన్ని ఆయన తయారు చేసుకుని, నాకు కనపడకుండా లోపల తొడుక్కుని వస్తున్నాడు.

తలెత్తి నన్ను చూశాడు. మధ్యలో రోడ్డు, లారీలు. అరిచినా వినపడదు. వేళ్లు విప్పి, ఏంది అన్నట్టు చెయ్యి ఊపాడు. నేను టిఫిన్ డబ్బా ఎత్తి చూపించాను. తర్వాత రెండు వేళ్ల కొసలు కలిపి విడదీశాను. పోగు తెగిందా?

బాపు పిడికిలి గుండ్రంగా తిప్పాడు. అంతా నడుస్తోంది.

మెడలో అట్ట అలాగే వేలాడుతోంది.

అప్పుడు అడిగాను, దుకాణంలో అడగాల్సిన విధంగా. బైకు ముందున్న నల్ల ముక్కను చూపించి, జానెడు కొలిచాను. తర్వాత చెయ్యి పైకి లేపి పెద్దది చూపించాను. ఏది?

బాపు అరచేతిని అడ్డంగా తెచ్చి తన ముక్కు దగ్గర ఆనించాడు. అచ్చం దుకాణం ఆయన ఆనించినట్టు.

డబ్బా ఇచ్చి సలాబత్‌పురా వెళ్లాను. ఆరోజు తీసిన ఫొటోల్లో సగం చీరలు మసకగా వచ్చాయని యజమాని తిట్టాడు.  

సాయంత్రం ఇంట్లో మాస్కులు లేవు. అయినా నేను చేతులతోనే మొదలుపెట్టాను. బాపే నోరు తెరిచాడు.

"గా దుకాణమాయన చేతుల్తోని మంచిగ చెప్పిండు. గాలి ఎట్ల పోతది, ఎవల్కి తాకుతది, నాకంత సమజైంది."

"మరి సరే అని ఎందుకు తలూపినవ్?"

"నువ్వు అడిగినవ్ గద."

"వద్దంటే అయిపోతుండె గదా బాపు."

"నువ్వు చేతుల్తోని అడుగలే. నోటితోని అడిగినవ్, మాస్కు ఏసుకొని. నాకు ఇనరాదని నీకెర్కనే. అంటే అడుగుడు నీకు ఇష్టం లేదన్నట్టు. గంత నచ్చిందేమో అనుకున్న. బండి నీదాయె."

నా మోసం పని చేయలేదు. ఆయనకు మొత్తం అర్థమైంది, మోసంతో సహా. అర్థమై, దాన్ని నిలబెట్టడానికి రెండుసార్లు తలూపాడు. నేను దొంగతనం చేశాననుకున్న వస్తువు ఆయన చేత్తో ఇచ్చింది. దొంగకు ఇంతకంటే పెద్ద శిక్ష నేను వినలేదు.

అమ్మ అన్నం వడ్డిస్తూ, "కన్నకొడుకు అద్దం అయినా కాకపాయె, అట్ట అయినా కాకపాయె," అంది. ఒక వాక్యంలో పని ముగించి పప్పు వేసింది.

మర్నాడే దుకాణానికి వెళ్లాను. ఆయన నన్ను గుర్తుపట్టాడు. "కాకా?" అని మాత్రం అడిగాడు. పెద్దది ఇవ్వమన్నాను. కందిరీగను వెనక్కి తీసుకోలేదు, అడగడానికి నాకూ మొహం లేదు. ముక్కు ఎత్తుకు సరిగ్గా వచ్చేదాకా క్లాంపులు వదులు చేసి, మళ్లీ బిగించి, నన్ను నాలుగుసార్లు కూర్చోబెట్టాడు. బైకు ఇప్పుడు పెళ్లికి కళ్లజోడు పెట్టుకుని వచ్చిన మేనమామలా ఉంది.

సలాబత్‌పురాలో దోస్తు గుమ్మం మీదే నిలబడి, "ఏయ్ దూద్‌వాలా, ఆధా లీటర్ దేనా!" అని మార్కెట్ అంతా వినేలా అరిచాడు. నేను భయపడ్డది అక్షరాలా జరిగింది. మూడు రోజులు అరిచాడు. నాలుగో రోజు వాడికే విసుగొచ్చింది. మూడు రోజుల అరుపు తప్పించుకోవడానికి నేను ఏం చేశానో లెక్క వేసుకోవడం మాత్రం ఇంకా పూర్తి కాలేదు.

బాపు ఇంకో వారం అట్ట తీయలేదు. గాలి తాకడం లేదు గదా, ఎందుకని అడిగాను, చేతులతో. "ఉండనీ. నీ అద్దం మీద నాకింకా నమ్మకం కుదరలే," అన్నాడు. నవ్వాడో లేదో హెల్మెట్‌లో తెలియలేదు. వారం తర్వాత అట్ట మెట్ల కింద పడి ఉంది. దాని మీద అమ్మ చెప్పులు ఆరబెట్టింది. అప్పటి నుంచి లారీల దగ్గర ఆపమనలేదు, గేటు దాకా వచ్చాడు. దగ్గు పోలేదు. ఇంట్లో దగ్గేవాడు, షెడ్డులో దగ్గేవాడు, అక్కడ ఎవరికీ వినపడదు. గేటు దగ్గర మాత్రం రాలేదు. వాచ్‌మన్ తుపాకీ పెట్టేవాడు, ఈసారి దానిలో అంకె కనిపించేది. బాపు నడిపే ఎనిమిది మగ్గాలూ బాపు చేతిలోనే ఉండిపోయాయి.

ఒకటి మాత్రం చెప్పాలి. అద్దం బిగించిన మొదటి ఆదివారం, భక్తి ఎక్కువై, దాన్ని పెట్రోలు గుడ్డతో రుద్ది రుద్ది తుడిచాను. మసకబారిపోయింది, మళ్లీ తెల్లబడలేదు. ఆ ప్లాస్టిక్‌కు పెట్రోలు తగలకూడదట. సబ్బు నీళ్లు, మెత్తని గుడ్డ చాలు.